హాస్టల్ అలవాటే కదా అనుకున్నారు: ఇంటర్ దాటి తొలిసారి ఒంటరిగా ఉన్న ఒక విద్యార్థి కేసు

ఈ కేసు రాయడానికి అబ్బాయి దగ్గర, తల్లిదండ్రుల దగ్గర విడివిడిగా అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. లెక్కలు, నిర్ణయాల క్రమం మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

నేపథ్యం

అబ్బాయికి 18 ఏళ్లు నిండి రెండు నెలలు. కోస్తాలో ఒక మండల కేంద్రం. నాన్న ప్రభుత్వ ఉద్యోగి, అమ్మ ఇల్లు చూసుకుంటారు, తొమ్మిదో తరగతి చదివే చెల్లెలు ఉంది. పదో తరగతి దాకా ఇంటి దగ్గరే చదివాడు. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీ. జేఈఈలో మంచి ర్యాంకు, జోసా కౌన్సెలింగ్‌లో ఉత్తరాదిలోని ఒక జాతీయ స్థాయి ఇంజినీరింగ్ సంస్థలో సీటు. ఊరి నుంచి రైల్లో రెండు రోజుల దూరం.

ఆగస్టు మొదట్లో అమ్మానాన్నలిద్దరూ వెంట వెళ్లారు. గెస్ట్‌హౌస్‌లో నాలుగు రోజులున్నారు. పరుపు, దిండు, బకెట్, మగ్గు, తాళం, ఎక్స్‌టెన్షన్ బోర్డు, దోమతెర, రెండు డబ్బాల కారప్పొడి, ఆవకాయ అన్నీ అమర్చారు. హాస్టల్ ఫారాలు నాన్న నింపారు. ఫీజు కౌంటర్ దగ్గర వరుసలో నాన్నే నిలబడ్డారు. మంచం మీద దుప్పటి అమ్మ పరిచారు. ఆ నాలుగు రోజుల్లో అబ్బాయి తనంతట తాను చేసిన పని ఏదైనా ఉందా అని తర్వాత అడిగితే ముగ్గురూ ఆలోచించి ఒకటి చెప్పారు: ఐడీ కార్డుకి ఫొటో దిగడం.

దీన్ని నిర్లక్ష్యం అనలేం. ఎంతో ప్రేమగా, ఎంతో శ్రద్ధగా చేసిన పని అది. వాళ్ల ధీమాకి కారణం కూడా ఉంది. "రెండేళ్లు హాస్టల్లో ఉన్నాడండీ, వాడికి అలవాటే" అన్నారు నాన్న. మన రాష్ట్రాల్లో పిల్లల్ని ఇంజినీరింగ్‌కి పంపే ఇళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. ఈ కేసంతా ఆ మాట చుట్టూనే తిరిగింది.

సమస్యగా వచ్చినది

తొమ్మిదో వారంలో దసరా సెలవులకి అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు ముగ్గురూ నా దగ్గరకి కౌన్సెలింగ్‌కి వచ్చారు. తల్లిదండ్రుల ఫిర్యాదు మూడు ముక్కల్లో ఉంది. ఫోన్ ఎత్తడు, అబద్ధాలు చెబుతున్నాడు, సెల్‌ఫోన్‌కి బానిసయ్యాడు. మిడ్ సెమ్‌లో లెక్కల్లో 30కి 7 వచ్చాయి, అటెండెన్స్ తక్కువని హెచ్చరిక వచ్చింది. ఇవి రెండూ కాలేజీ పోర్టల్లో నాన్న చూసినవే తప్ప అబ్బాయి చెప్పినవి కావు. నెల మొదట్లో పంపే 6,000 రూపాయలు 12వ తేదీకల్లా అయిపోతున్నాయి. స్నేహితుల దగ్గర 3,400 అప్పు ఉంది. అబ్బాయి మాత్రం "బాగానే ఉన్నాను" అన్న ఒక్క మాట దగ్గరే ఆగాడు.

ముగ్గురినీ కూర్చోబెట్టి ఎవరి మాట నిజమో తేల్చే పని పెట్టుకోలేదు. నాన్న, అమ్మ ఫోన్లలో కాల్ హిస్టరీ తీయించి, సెలవులకి ముందు వారం లెక్క రాయించాను. ఇద్దరూ కలిపి చేసిన కాల్స్ 61, అబ్బాయి ఎత్తినవి 19. ఎత్తిన కాల్స్‌లో ఎక్కువ భాగం రెండు నిమిషాల లోపే ముగిశాయి. అంకెలు కాగితం మీద కనబడ్డాక గొంతులు తగ్గాయి. "ఇన్నిసార్లు చేశామా?" అన్నారు అమ్మ. వాదన నడుస్తున్న ఇంట్లో ముందు లెక్క తీయించడం మంచిది. ఎవరూ ఎవరినీ తప్పుపట్టకుండానే విషయం బయటపడుతుంది.

ముందు ఏవి కావో తేల్చడం

అబ్బాయితో విడిగా 40 నిమిషాలు మాట్లాడాను. మొదలుపెట్టే ముందే గోప్యత హద్దు చెప్పాను: ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే అమ్మానాన్నలకి చెబుతాను, మిగతాది నీ అనుమతి లేకుండా గది దాటదు. 18 నిండిన వ్యక్తి విషయంలో ఇది చట్టపరంగానూ అవసరం. దానికంటే ముఖ్యంగా, ఈ హద్దు ముందే చెప్పకపోతే "బాగానే ఉన్నాను" అన్న మాట వెనక్కి అసలు వెళ్లలేం.

ర్యాగింగ్ గురించి నేరుగా అడిగాను. మొదటి వారం సీనియర్లు పేరు, ఊరు అడగడం తప్ప ఏమీ లేదన్నాడు. మందు, గంజాయి గురించి కూడా నేరుగానే అడిగాను. డొంకతిరుగుడుగా అడిగితే జవాబులూ అలాగే వస్తాయి. రెండూ లేవు. డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కి 8 వచ్చింది, అంటే స్వల్ప స్థాయి. మార్కులన్నీ నిద్ర, అలసట, ఏకాగ్రత, తన మీద తనకి నిరాశ అనే ప్రశ్నల్లోనే పడ్డాయి. చనిపోవాలనే ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి సున్నా. కాగితాన్ని నమ్ముకోకుండా ఆ ప్రశ్నని మళ్లీ నోటితో అడిగాను.

నిద్ర వేళలు రాయించాను. కాలేజీలో తెల్లవారుజామున 3:30కి పడుకుని ఉదయం 11కి లేస్తున్నాడు. మెస్‌లో టిఫిన్ 9కే అయిపోతుంది, కాబట్టి రోజు ఖాళీ కడుపుతో మొదలవుతుంది. మధ్యాహ్నం భోజనం, రాత్రి 12కి క్యాంటీన్‌లో మ్యాగీ. నెల డబ్బులో పెద్ద వాటా అక్కడే పోతోంది. ఫోన్ వాడకం కూడా ఎక్కువగా రాత్రి 11 తర్వాతే.

ఇంటికి వచ్చిన నాలుగో రోజు నుంచి మాత్రం 7:30కి లేస్తున్నాడు, మూడు పూటలా తింటున్నాడు, సాయంత్రం పాత స్నేహితులతో క్రికెట్ ఆడుతున్నాడు. లేపుతున్నది అమ్మ. కేసు దిశ మార్చింది ఈ వివరమే. డిప్రెషన్ బలంగా ఉంటే అమ్మ లేపినంత మాత్రాన నాలుగు రోజుల్లో ఆటలోకి వెళ్లే ఉత్సాహం సాధారణంగా రాదు. ఎవరైనా లేపితే అతని రోజు నడుస్తోంది, లేపకపోతే నడవడం లేదు.

ఇంటర్ రోజులు ఎలా గడిచేవో గంట గంటా చెప్పమన్నాను. 5కి బెల్లు, 6కి స్టడీ అవర్, క్లాసులు, మళ్లీ స్టడీ అవర్స్, 10:30కి లైట్లు బంద్. ఫోన్ చేతిలో ఉండదు. బట్టలు ధోబీకి, జ్వరమొస్తే వార్డెన్‌కి, డబ్బులు అక్కౌంట్ పుస్తకంలో. ఆదివారం అమ్మ క్యారియర్ తెస్తారు. రెండేళ్లలో ఎప్పుడు లేవాలి, ఎప్పుడు చదవాలి, దేనికి ఎంత ఖర్చుపెట్టాలి అని తాను నిర్ణయించుకున్న సందర్భం ఒక్కటీ గుర్తు రాలేదు.

ఇల్లు వదిలి ఉండటం వేరు, తన రోజును తాను నడుపుకోవడం వేరు. మొదటిది అతనికి వచ్చు. రెండోది ఎవరూ నేర్పలేదు, నేర్చుకునే ఖాళీ కూడా ఇవ్వలేదు.

అమ్మతో మాట్లాడినప్పుడు ఇదే మరో వైపు నుంచి కనబడింది. "ఇంటర్‌లోనూ రెండేళ్లు ఇంట్లో లేడు కదండీ, అప్పుడు నాకిలా లేదు" అన్నారు. అప్పుడు ఏ గంటకి కొడుకు ఏం చేస్తున్నాడో ఆమెకి తెలుసు. నాలుగున్నరకి స్నాక్స్, ఎనిమిదికి భోజనం. ఇప్పుడు తెలియదు. ఆమెని నిద్రపోనివ్వనిది దూరం కాదు, తెలియకపోవడం. ఆ 61 కాల్స్, చేజారిన టైమ్‌టేబుల్‌ని ఫోన్ ద్వారా తిరిగి తెచ్చుకునే ప్రయత్నం.

ఇంట్లో చేసి చూసినవి

అమ్మ రోజూ ఉదయం 6:45కి ఫోన్ చేసి లేపేవారు. "లేచానమ్మా" అని మళ్లీ పడుకునేవాడు. మూడో వారానికి ఫోన్ సైలెంట్‌లోకి వెళ్లింది. లేవడం అమ్మ బాధ్యతగా ఉన్నంతకాలం అమ్మకి జవాబు చెబితే పని అయిపోయినట్టే.

లొకేషన్ షేరింగ్ పెట్టించారు. అతను ఫోన్‌ని క్లాసుకి వెళ్లే స్నేహితుడి బ్యాగులో పెట్టడం నేర్చుకున్నాడు. నిఘా పెరిగిన కొద్దీ అబద్ధం నైపుణ్యం పెంచుకుంటుంది. డబ్బు తగ్గించారు, అప్పు మొదలైంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది అబ్బాయి రూమ్మేట్‌కి నాన్న ఫోన్ చేయడం. "మా వాడు క్లాసుకి వెళ్తున్నాడా బాబూ?" అని వారానికి రెండు మూడుసార్లు అడిగేవారు. రూమ్మేట్‌ది వేరే రాష్ట్రం, భాష వేరు, అయినా మంచి స్నేహం మొదలైంది. ఈ ఫోన్లతో అతను ఇరుకున పడి గదిలో మాట్లాడటమే తగ్గించాడు. ఉదయం కలిసి టిఫిన్‌కి వెళ్లే ఒక్క తోడూ పోయింది. పిల్లల స్నేహితుల్ని వార్తాహరులుగా వాడుకోవడం వల్ల ఎంత పోతుందో పెద్దవాళ్లకి కనబడదు, ఎందుకంటే ఆ స్నేహం గురించి పిల్లలు ఇంట్లో పెద్దగా చెప్పరు.

నా దగ్గరకి వచ్చేటప్పటికి అమ్మ క్యాంపస్ పక్కన అద్దె ఇల్లు తీసుకుని ఉండే ఆలోచన ఖరారు దశలో ఉంది. అడ్వాన్స్ ఆపమన్నాను. అమ్మ పక్కనుంటే అటెండెన్స్ పెరుగుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఆమె తిరిగి వచ్చిన రోజు సమస్య మొదటికి వస్తుంది. పైగా చెల్లెలు తొమ్మిదో తరగతి. కొన్ని కేసుల్లో, అంటే తీవ్రమైన డిప్రెషన్, తిండి మానేయడం, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నప్పుడు, ఎవరో ఒకరు వెంటనే వెళ్లి దగ్గరుండాలి. అక్కడ నైపుణ్యాల గురించి మాట్లాడుతూ కూర్చోవడం ప్రమాదం. ఇక్కడ ఆ లక్షణాలు లేవని తేల్చుకున్నాకే ఆపమన్నాను.

నేను మొదట వేసిన ప్రణాళిక ఎందుకు తప్పింది

సెలవుల్లోనే అబ్బాయితో కూర్చుని 24 గంటల టైమ్‌టేబుల్ వేశాను. గోడకి అంటించుకోమన్నాను. తల్లిదండ్రులకి ఆదివారం ఒక్కసారే కాల్ అని నియమం పెట్టాను. రెండూ విఫలమయ్యాయి.

టైమ్‌టేబుల్ నాలుగు రోజులు నిలబడింది. ఐదో రోజు 7కి లేవలేదు, దాంతో "ఈ రోజు పోయింది" అని మిగతా రోజంతా వదిలేశాడు. నేను చేసిందల్లా ఇంటర్ బెల్లుని కాగితం మీదకి మార్చడం. బెల్లు వెనుక వార్డెన్ ఉండేవాడు, కాగితం వెనుక ఎవరూ లేరు. వారం రోజుల్లో నిద్ర వేళ మళ్లీ 2:30కి జారింది.

కాల్స్ విషయంలో అమ్మ బుధవారం దాకా ఓర్చుకున్నారు. గురువారం మళ్లీ రూమ్మేట్‌కి ఫోన్ వెళ్లింది. ఇద్దరూ కలిపి రోజుకి సుమారు తొమ్మిది కాల్స్ చేసేవాళ్లని వారానికి ఒక్కటికి దింపేశాను. మెట్లు లేకుండా మేడ దిగమన్నట్టు అయింది.

పని చేసినది

పదకొండో వారం మొదట్లో వీడియో సెషన్‌లో మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ముందు అటెండెన్స్ లెక్క. మొత్తం శాతం చూస్తే ఏమీ తెలియదు, సబ్జెక్టు వారీగా తీయాలి. సెమిస్టర్ మొత్తం క్లాసులు, జరిగినవి, హాజరైనవి, మిగిలినవి అని నాలుగు గడులు గీయించి అతని చేతే నింపించాను.

ఒక సబ్జెక్టులో మొత్తం 40, జరిగినవి 25, హాజరు 16. 75 శాతానికి 30 కావాలి. మిగిలిన 15లో 14కి వెళ్లాలి, ఒక్కటి తప్పొచ్చు. మరో మూడు సబ్జెక్టుల్లో రెండు నుంచి నాలుగు క్లాసుల వెసులుబాటు ఉంది. ఐదోదానిలో మొత్తం 42, జరిగినవి 27, హాజరు 12. మిగిలిన 15కీ వెళ్లినా 27 మాత్రమే, 64 శాతం. ఆ సబ్జెక్టు దక్కదు.

ఈ చివరి లెక్క దగ్గర చాలాసేపు మౌనంగా ఉన్నాడు. దాన్ని తేలిక చేయలేదు. దక్కనిదాన్ని విడిగా పెట్టాక దక్కే నాలుగూ స్పష్టంగా కనబడ్డాయి. అప్పటిదాకా అతని దృష్టిలో "అన్నీ పోయాయి".

మామూలుగా చెదిరిన నిద్రని మూడు రోజులకొకసారి అరగంట చొప్పున వెనక్కి జరుపుతాం. ఇక్కడ ఒక్క క్లాసే వెసులుబాటు, పదిహేను రోజులు జరుపుతూ కూర్చుంటే ఆ సబ్జెక్టు కూడా పోతుంది. అందుకని పడుకునే వేళని వదిలేసి లేచే వేళని మొదటి రోజు నుంచే 7:15కి బిగించాం. రాత్రి ఎప్పుడు పడుకున్నా సరే లేచేది 7:15కే. మొదటి ఐదు రోజులు నిద్రమత్తు తప్పదని ముందే చెప్పాను. మధ్యాహ్నం భోజనం తర్వాత 20 నిమిషాల కునుకుకి అనుమతి, సాయంత్రం నిద్ర వద్దు. ఫోన్ అలారం బదులు గంట మోగే అలారం గడియారం కొని తలుపు పక్క అరలో పెట్టాడు, అంటే ఆపాలంటే మంచం దిగాలి. ఈ మోతకి రూమ్మేట్ అనుమతి అడగాలి కాబట్టి ఆగిపోయిన మాటలు కూడా అక్కడ మళ్లీ మొదలయ్యాయి. అంతకు ముందు రోజు నాన్న ఆ అబ్బాయికి చిన్న మెసేజ్ పంపారు: ఇబ్బంది పెట్టినందుకు క్షమించు బాబూ, ఇక ఫోన్ చేయను. లేచాక పది పదిహేను నిమిషాలు ఎండలో నడక, 8:10కి మెస్, 8:30కి క్లాసు. మిగతా రోజుకి ప్రణాళికే లేదు. లేవడం, టిఫిన్, మొదటి క్లాసు, అంతే. మొదటి క్లాసుకి వెళ్లినవాడు రెండోదానికి ఎలాగూ ఉంటాడు.

కాల్స్‌ని మెట్లుగా దింపాం. మొదటి రెండు వారాలు రోజుకి రెండు: ఉదయం టిఫిన్ దగ్గర ఒక నిమిషం, రాత్రి 8:30కి పది నిమిషాలు. తర్వాత రెండు వారాలు రాత్రి ఒక్కటే. ఆ తర్వాత వారానికి నాలుగు. చేసేది అబ్బాయే, వాళ్లు కాదు. మొదటి ఐదు నిమిషాలు తిండి, చదువు, అటెండెన్స్ మాటలు వద్దన్నాను. మరేం మాట్లాడాలని అమ్మ నిజంగానే అడిగారు. ఇంటి కబుర్లు చెప్పమన్నాను: కొబ్బరికాయలు దింపించిన సంగతి, చెల్లి బడి గొడవలు. ప్రశ్నలు ఆగిన రెండో వారంలో అతనే "మెస్‌లో ఇవాళ రాజ్మా అమ్మా, అన్నం తక్కువ పెట్టారు" అని చెప్పడం మొదలుపెట్టాడు.

అమ్మకి నిద్ర తెచ్చిపెట్టింది మాత్రం వేరే నియమం. కాల్ తప్పితే అమ్మానాన్నలు మెసేజ్ పెట్టాలి. మెసేజ్‌కి 12 గంటల్లో జవాబు లేకపోతే రెండోసారి మెసేజ్. 24 గంటలు దాటితే నేరుగా వార్డెన్‌కి ఫోన్. ఈ వరసకి అబ్బాయి కూడా ఒప్పుకున్నాడు, తేదీతో సహా కాగితం మీద రాశాం. ఎప్పుడు భయపడాలో తెలిసిన మనిషికి మిగతా సమయంలో భయపడకుండా ఉండటం సాధ్యమవుతుంది. వార్డెన్, ఫ్యాకల్టీ అడ్వైజర్, క్యాంపస్ ఆసుపత్రి నంబర్లు, ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, మానసిక ఆరోగ్య సహాయానికి టెలీ మానస్ 14416, అన్నీ అదే కాగితం మీద వంటింట్లో ఫ్రిజ్‌కి, హాస్టల్లో బీరువా తలుపుకి అంటించారు.

డబ్బు నెలకొకసారి కాకుండా ప్రతి సోమవారం 1,500. నెలంతటి మొత్తాన్ని సాగదీయడం అతనికి ఇంకా రాదు, వారం సాగదీయగలడు. నాన్న యూపీఐ సర్కిల్‌లో చేర్చి తన ఖాతా నుంచే ఖర్చు పెట్టిస్తానన్నారు. అందులో ప్రతి ఖర్చూ నాన్నకి కనబడుతుంది. టీ తాగిన పది రూపాయలకీ సంజాయిషీ మొదలవుతుందని వద్దన్నాను. ఆదివారం అబ్బాయి మొత్తం ఖర్చు ఒక్క అంకె చెబితే చాలు. జ్వరానికో హఠాత్తు ప్రయాణానికో విడిగా 3,000 ఖాతాలో ఉంచారు. 3,400 అప్పు నాన్న ఒక్కసారిగా తీర్చేస్తానన్నారు, ఒప్పుకోలేదు. వారానికి 500 చొప్పున అతనే ఏడు వారాల్లో తీర్చాడు.

దక్కని సబ్జెక్టు గురించి ఫ్యాకల్టీ అడ్వైజర్‌ని కలవాల్సి వచ్చింది. తాను ఫోన్ చేస్తానని నాన్న, ఈమెయిల్ రాసిస్తానని అమ్మ. రెండూ ఆపించాను. ఏం అడగాలో మాత్రం అబ్బాయితో రెండుసార్లు సాధన చేయించాను: ఈ సబ్జెక్టు మళ్లీ ఎప్పుడు చేసే వీలుంది, దానివల్ల వచ్చే ఏడాది ఏ సబ్జెక్టు ఆగుతుంది, ఇప్పుడు ఏ ఫారం ఇవ్వాలి. మొదటిసారి గది ముందు దాకా వెళ్లి తిరిగి వచ్చాడు. రెండు రోజుల తర్వాత వెళ్లి ఏడు నిమిషాల్లో పని ముగించుకొచ్చాడు.

డిసెంబరు నాటికి

నాలుగు సబ్జెక్టుల్లో అటెండెన్స్ 75 దాటింది, నాలుగూ పాసయ్యాడు, లెక్కలు సరిహద్దు మీద. ఐదోది మళ్లీ చేయాలి. పడుకునేది సుమారు 12:30, లేచేది 7:15. ఆదివారాలు పదిన్నర అవుతోంది, దాన్ని ముట్టుకోలేదు. పీహెచ్‌క్యూ-9 స్కోరు 4. రూమ్మేట్‌తో మళ్లీ కలిసి టిఫిన్‌కి వెళ్తున్నాడు. జనవరి నుంచి డబ్బు పదిహేను రోజులకొకసారి, వేసవి తర్వాత నెలకొకసారి అని ఒప్పుకున్నారు.

అమ్మ పరిస్థితి అంత త్వరగా కుదుటపడలేదు. రెండేళ్లుగా ఆమె వారమంతా ఆదివారం క్యారియర్ చుట్టూ నడిచింది. అది పోయాక ఆదివారాలు భారమయ్యాయి. ఆమెతో విడిగా మూడు సెషన్లు పట్టాయి. మొదట్లోనే ఆమెకి సమయం కేటాయించి ఉంటే ఆదివారం కాల్ నియమం విఫలమయ్యేది కాదని ఇప్పుడు అనిపిస్తుంది. పిల్లల్ని పంపే కేసుల్లో తల్లిని సమాచారం ఇచ్చే మనిషిగా చూస్తాం, ఆమె కూడా సాయం అవసరమైన మనిషే అన్నది ఆలస్యంగా తడుతుంది.

ఇదే పని సీటు ఖరారైన రోజు నుంచి చేరే రోజు దాకా ఇంట్లోనే చేసి ఉండొచ్చు. ఆ వ్యవధి సుమారు నెల నుంచి నెలన్నర. ఇప్పుడు నా దగ్గరకి జూన్, జూలైల్లో వచ్చేవాళ్లకి ఇలా చెబుతున్నాను. మూడు వారాలు ఎవరూ లేపొద్దు. ఆలస్యంగా లేస్తే ఆ రోజు టిఫిన్ ఉండదు, అంతే, తిట్లు వద్దు. తన బట్టలు తానే ఉతుక్కోవాలి, ఏ బట్ట రంగు పోతుందో అక్కడే తెలియాలి. దగ్గర్లోని ఆసుపత్రికి ఒక్కడే వెళ్లి ఓపీ చీటీ రాయించుకుని, తన ఇబ్బంది తానే చెప్పి మందులు తెచ్చుకోవాలి. బ్యాంకు పని తానే చేసుకోవాలి. టీసీ, పదో తరగతి, ఇంటర్ మెమోలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు స్కాన్ చేసి తానే ఒక ఫోల్డర్లో పెట్టుకోవాలి, జిరాక్సులు పది సెట్లు తీయించుకోవాలి. దసరాకి ఇంటికొచ్చే టికెట్ తానే బుక్ చేయాలి. రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కాబట్టి చేరిన కొద్ది రోజులకే ఆ తేదీ వస్తుంది, చాలామంది దాటేస్తారు. తిరిగొచ్చే తేదీ చేతిలో ఉంటే మొదటి నెల బెంగ కూడా ఓర్చుకోగలిగేదిగా ఉంటుంది.

దింపడానికి వెళ్తే రెండు రోజులు చాలు. ఫీజు కౌంటర్ దగ్గర వరుసలో పిల్లలే నిలబడాలి, పెద్దవాళ్లు చెట్టు కింద కూర్చోవాలి. ఫారంలో తప్పు రాస్తే గుమాస్తా తిప్పి పంపుతాడు, మళ్లీ రాస్తారు.

చెల్లెలి విషయంలో ఈ తల్లిదండ్రులు ఇంకా రెసిడెన్షియల్ ఇంటర్ వైపే మొగ్గుతున్నారు. దగ్గర్లో మంచి డే కాలేజీ లేదు, ఆ పిల్లకీ అక్కడే చేరాలని ఉంది. అది వాళ్ల నిర్ణయం. ఈ సంక్రాంతి నుంచి ఒక మార్పు మాత్రం చేశారు. ఉదయం ఆమెని ఎవరూ లేపడం లేదు, వారం ఖర్చు డబ్బు ఆమె చేతికే ఇస్తున్నారు. మొదటి వారం రెండుసార్లు స్కూల్ బస్సు తప్పిందట. రెండోసారి నాన్న బైకు తీయబోతుంటే, సెలవుకి వచ్చిన అన్నే ఆపి, "నడవనీ నాన్నా, రెండు కిలోమీటర్లే" అన్నాడని అమ్మ చెప్పారు.